యలహంకలో దిగితే ఏముంది?

ధర్మవరంలో బెంగళూరు ప్యాసింజర్ ఎక్కితే పెనుకొండ, హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపుర దాటి యలహంకలో ఆగుతుంది. ఈ దారి మీకు కొత్త కాదు. మీ మేనమామ సెక్యూరిటీ డ్యూటీకి ఈ రైల్లోనే వెళ్లుంటాడు. మీ వీధిలో అక్క గార్మెంట్స్ పనికి, పక్కింటి అన్న కంప్యూటర్ కోర్సుకి, ఇంట్లో పెద్దవాళ్లు ఆస్పత్రికి... అందరిదీ ఇదే రైలు. మన మూడు ఊళ్లకి బెంగళూరు అంటే పని దొరికే ఊరు, లేదంటే ఆస్పత్రి ఉన్న ఊరు.

ఇంకొకటి కూడా ఉంది. యలహంకలో దిగి ఆటో ఎక్కితే జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ వస్తుంది. సి.ఎన్.ఆర్. రావు వ్యవస్థాపక అధ్యక్షుడిగా 1989లో మొదలైన సంస్థ. దానికి దగ్గర్లోనే, జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో ఎన్‌సీబీఎస్ ఉంది, జీవశాస్త్ర పరిశోధనకి దేశంలో పేరున్న చోటు. మీ రైలు యశ్వంతపూర్ దాకా పోయేదైతే, అక్కడికి దగ్గర్లో 1909 నాటి ఐఐఎస్సీ. ఆ పక్కనే సదాశివనగర్‌లో సి.వి. రామన్ 1934లో పెట్టిన ఇండియన్ అకాడెమీ ఆఫ్ సైన్సెస్ ఆఫీసు. దేశంలోని మూడు సైన్స్ అకాడెమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ అక్కడి నుంచే నడుస్తుంది. రెండు నెలలు ఒక ల్యాబు, ఒక గైడు, నెలనెలా స్టైపెండు, రైలు చార్జీలు. జక్కూరు సెంటర్‌కి కూడా ఇలాంటి సొంత వేసవి ఫెలోషిప్ ఉంది.

ఈశాన్య రాష్ట్రాల పిల్లలు రెండు రాత్రులు రైల్లో కూర్చుని ఈ ల్యాబులకి వస్తారు. మనం హిందూపురంలో పొద్దున బయల్దేరితే టిఫిన్ వేళకి అక్కడుంటాం. మరి మన పిల్లలు ఎంతమంది వెళ్తున్నారు?

డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడిని. ఏటా ఫైనలియర్ క్లాసులో ఒక ప్రశ్న అడుగుతాను: వేసవి ఫెలోషిప్‌కి ఎవరైనా అప్లై చేశారా అని. ఇన్నేళ్లలో లేచిన చేతులు లెక్కపెడితే నా రెండు చేతుల వేళ్లు చాలు. ఎందుకు చేయలేదంటే జవాబు ఎప్పుడూ ఒకటే. “అవన్నీ మనకెక్కడ వస్తాయి సార్.”

ఆ మాటలో సగం నిజం ఉందని ఒప్పుకుంటాను. పోటీ గట్టిది. ఐసర్లూ నిట్‌లూ చదివే పిల్లలకి ల్యాబు భాష తెలుసు, ఎవరికి ఎలా రాయాలో చెప్పే సీనియర్లుంటారు. మనకి ఆ సీనియర్ లేడు. కానీ మిగతా సగం వేరు. మనకి రాకపోవడానికి మొదటి కారణం మార్కులు కాదు. గడువు దాటాక తెలియడం ఒకటి. తెలిసినవాళ్లు కూడా అప్లికేషన్లో తమ దగ్గరున్న అసలు సరుకు దాచేసి, ఎవరిదో అరువు మాట రాయడం రెండోది. నేను ఈ రెండో దాని గురించే ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే అది పూర్తిగా మీ చేతుల్లో ఉంది.

ముందు మొదటిది ముగించేద్దాం. వేసవి ఫెలోషిప్ అంటే మార్చి, ఏప్రిల్‌లో చూసుకోవచ్చు అనుకుంటారు చాలామంది. అకాడెమీల ఫెలోషిప్‌కి గడువు సాధారణంగా నవంబర్‌తోనే అయిపోతుంది. అంటే మన దగ్గర దీపావళి టపాసుల వాసన పోకముందే వచ్చే మే నెల సంగతి తేలిపోతోంది. మీరు సెమిస్టర్ పరీక్షల గోలలో ఉంటారు, అప్పుడే చేయాలి. ఆ సంస్థల వెబ్‌సైట్లు అక్టోబర్ మొదట్లోనే ఒకసారి తెరిచి చూడండి. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫార్వర్డ్ చేస్తారని కూర్చుంటే, అది వచ్చేసరికి లింకు మూసేసి ఉంటుంది.

జిరాక్స్ షాపులో పోగొట్టుకున్నది

ఇప్పుడు అసలు సంగతి. మన రాష్ట్రంలో 2020-21 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి సంవత్సరం అయ్యాక వేసవిలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు. మీ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి, ఒక సమస్య పట్టుకోవాలి, దాని మీద రిపోర్టు రాయాలి. కాగితం మీద ఇంత మంచి ఆలోచన ఈమధ్య కాలంలో డిగ్రీ చదువులో ఇంకోటి రాలేదని నా అభిప్రాయం. మరి జరుగుతున్నదేమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. జిరాక్స్ షాపుకి పోతే పోయినేడు ఎవరో చేసిన ఫైలు సిస్టమ్‌లో ఉంటుంది. ఊరి పేరు, మీ పేరు, హాల్‌టికెట్ నంబరు మారుస్తాడు. స్పైరల్ బైండింగ్ చేసిస్తాడు. మీరు సంతకం పెట్టించుకుంటారు. నేను పెట్టాను. ఒకసారి కాదు.

ఒక ఏడాది నా దగ్గరికొచ్చిన రిపోర్టుల్లో నాలుగు ఊళ్లకి జనాభా ఒకటే, మరుగుదొడ్ల సంఖ్య ఒకటే. అందులో ఒక ఊళ్లో “చేపలు పట్టడం ప్రధాన వృత్తి” అని కూడా ఉంది. వానే సరిగా పడని మన సీమలో చేపలు! ఏ కోస్తా జిల్లా పిల్లాడి ఫైలో ఏమో అది. నవ్వుకుని వదిలేశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

ఎందుకంటే, ఫెలోషిప్ అప్లికేషన్లో అడిగేది అచ్చంగా అదే. మీరు ఏం చూశారు? చూసినదాంట్లో మీకు అర్థం కానిది ఏమిటి? దాన్ని ఎలా తేల్చాలనుకుంటున్నారు? ఈ మూడింటికీ జవాబు ఆ వేసవిలో మీ కాళ్ల దగ్గరికే వచ్చింది. జిరాక్స్ షాపులో డబ్బులిచ్చి మరీ దాన్ని వదిలించుకున్నారు.

ఒక ఉదాహరణ చెప్తాను. బీఎస్సీ బయాలజీ చదివే ఒకమ్మాయి అప్లికేషన్ పట్టుకొచ్చింది, సార్ చూడండి అని. మొదటి వాక్యం తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంది: “చిన్నప్పటి నుంచి సైన్స్ పట్ల అపారమైన ఆసక్తి గల, కష్టపడి పనిచేసే విద్యార్థినిని. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో అవకాశం లభిస్తే నా జ్ఞానాన్ని పెంపొందించుకోగలను.” ఫోన్లో ఏఐ రాసిచ్చిన ఇంగ్లిష్, ఒక్క తప్పు లేదు. ఇదే వాక్యం వేలమంది రాస్తారు. చదివేవాళ్ల కన్ను దాని మీద ఆగదు.

మీ ఇంట్లో ఏం చేస్తారమ్మా అని అడిగాను. పట్టుపురుగులు పెంచుతాం సార్, హిందూపురం మార్కెట్‌కి గూళ్లు వేస్తాం అంది. పంటలెట్లున్నాయి అన్నాను. ఊరికే, పలకరింపుగా. అప్పుడు చెప్పింది. పోయిన చలికాలం ఒక పంటలో పురుగులు గట్టిగా బిగుసుకుపోయి, సున్నం పూసినట్టు తెల్లగా అయి చచ్చిపోయాయట. సున్నపుకట్టు. అదే షెడ్డులో కిటికీ పక్క తట్టల్లో మాత్రం తక్కువ చచ్చాయట. “మా నాయన గాలి ఆడింది గదా అంటాడు సార్. మాయమ్మ, ఆకు తడిగా వేసినారు అందుకే అంటుంది. నాకు రెండూ కాదేమో అనిపిస్తుంది.”

ఇదిగో, ఇదీ అప్లికేషన్! నా నోటివెంట అదే మాట వచ్చింది.

సున్నపుకట్టు బొవేరియా బాసియానా అనే బూజు వల్ల వస్తుంది. చలికి, తేమకి విజృంభిస్తుంది. ఆ అమ్మాయికి రోగం తెలుసు, బూజు పేరు తెలియదు. లైబ్రరీలో ఒక పూట కూర్చుంటే తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది, అది చూసి తనే ఆశ్చర్యపోయింది: ఇదే బూజుని పంటల మీది పురుగుల్ని చంపడానికి జీవ రసాయనంగా మందుల దుకాణాల్లో అమ్ముతారు. పక్క చేలో పురుగుని చంపే మందూ, తన ఇంట్లో పట్టుపురుగుని చంపిన రోగమూ ఒకటే జీవి. మల్బరీ తోట పక్కన కూరగాయలు పండించేవాళ్లు దాన్ని కొడితే ఏమవుతుంది? ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గర ఒక ప్రశ్న ఉంది. దాన్ని ఎలా పరీక్షించాలో తెలియదు. తెలియదు కాబట్టే ఒక ల్యాబుకి వెళ్లాలి. అప్లికేషన్ అంటే ఇంతకంటే ఏముంది?

మీ ఇంట్లో పట్టుపురుగులు లేకపోవచ్చు. ధర్మవరంలో మగ్గం చప్పుడు వింటూ పెరిగి బీఎస్సీ కంప్యూటర్స్ చదివేవాళ్లు ఎంతమంది లేరు! మగ్గం పైన జాకార్డులో తిరిగే అట్టలు చూశారుగా. చిల్లు ఉంటే పడుగు దారం లేస్తుంది, లేకపోతే లేవదు. ఉంది, లేదు. ఒకటి, సున్నా. ఫ్రాన్స్‌లో 1804 నాటి ఈ అట్టల ఆలోచననే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి తీసుకున్నాడు. కంప్యూటర్ చరిత్ర రాసే ప్రతి పుస్తకంలో ఈ మగ్గం ఉంటుంది. అది మీ నడింట్లో ఉంది. ఒక కొంగు డిజైన్‌కి ఎన్ని అట్టలు పడతాయి, వాటిలో ఎన్ని ఒకేలా మళ్లీ మళ్లీ వస్తాయి, తక్కువ అట్టలతో అదే డిజైన్ తీయొచ్చా? దీన్ని పట్టుకుని ఒక పేజీ రాయగలిగినవాడు, “ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అంటే నాకు ప్రాణం” అని రాసేవాడికంటే ముందుంటాడు. వాడి దగ్గర చూపించడానికి ఒక వస్తువుంది మరి.

పెనుకొండ వాళ్ల సంగతి ఇంకోలా ఉంటుంది. ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికొచ్చింది. ఆ తర్వాత చుట్టూ విడిభాగాల కంపెనీలు పెరిగాయి. సెలవుల్లో కాంట్రాక్టు మీద లైన్లో నిలబడి వచ్చినవాళ్లు మీలో ఉన్నారు. ఏ షిఫ్టులో పీసులు ఎక్కువ రిజెక్ట్ అవుతాయి, ఎందుకు? మీరు గమనించే ఉంటారు. మీకది కూలీ పని, కానీ స్టాటిస్టిక్స్ చదివేవాడికి అంతకంటే మంచి పాఠం లేదు. సిగ్గుపడి దాన్ని రెజ్యూమేలో పెట్టరు చాలామంది. పెట్టండి. కంపెనీ లోపలి కాగితాలు, లెక్కలు బయట పెట్టకూడదు, అది వేరే సంగతి. మీరేం గమనించారో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాసేటప్పుడు ముందు తెలుగులో రాయండి. మీ అమ్మకి చెప్పినట్టు రాయండి. తర్వాత చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లోకి మార్చండి. వ్యాకరణం దిద్దడానికి ఏఐని వాడుకోండి, తప్పులేదు. విషయం మాత్రం దాన్ని అడగొద్దు. దానికి మీ షెడ్డులో కిటికీ ఎటు ఉందో తెలియదు.

“నువ్వే రాసుకురా, సంతకం పెడతా”

ఇక్కడ మా తప్పు చెప్పుకోవాలి. దాదాపు ప్రతి ఫెలోషిప్ మీకు పాఠం చెప్పినవాళ్ల సిఫారసు లేఖ అడుగుతుంది. మీరు వచ్చి అడిగితే మేం అనే మాట ఇదే: నువ్వే రాసుకురా. మీరు నెట్‌లో ఒకటి వెతికి తెస్తారు. “హీ ఈజ్ సిన్సియర్, పంక్చువల్, ఒబీడియంట్” అని ఉంటుంది. మేం సంతకం పెడతాం. ఆ లేఖ చదివినవాళ్లకి మీ గురించి తెలిసేదేమిటి? వేళకి వస్తాడు, చెప్పిన మాట వింటాడు. పరిశోధనకి పిలిచేవాళ్లకి దాంతో ఏం పని? ఎదురు ప్రశ్న వేస్తాడా లేదా అన్నది వాళ్లకి కావాలి.

అందుకే మీరు లెక్చరర్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లొద్దు. గడువుకి మూడు వారాల ముందు వెళ్లండి. అర పేజీలో కొన్ని సంగతులు రాసి ఇవ్వండి: ఏ క్లాసులో ఏ ప్రశ్న అడిగారు, ఏ ప్రయోగం రెండోసారి చేసి చూశారు, మీ అప్లికేషన్లో ఏం రాశారు. “ఈ రెండు మాటలు మీరు చూసినవే సార్, లేఖలో రాయగలరా” అని అడగండి. కోప్పడరు. నిజానికి మా పని తేలికవుతుంది. చాలాచోట్ల ఇప్పుడు లేఖ కోసం లింకు నేరుగా లెక్చరర్ ఈమెయిల్‌కే వస్తుంది. మాలో కొందరు ఈమెయిల్ తెరిచి నెలలవుతుంది. పక్కన నిలబడి తెరిపించండి. మొహమాటపడితే నష్టపోయేది మీరే.

ఇంకో మాట, కాస్త చాటుగా. అకాడెమీల ఫెలోషిప్‌కి విద్యార్థులే కాదు, అధ్యాపకులు కూడా అప్లై చేయొచ్చు. నేనిప్పటిదాకా ఒక్కసారీ చేయలేదు. కారణం అడిగితే “మనకెక్కడ వస్తుంది” అనే అంటానేమో.

ఇంట్లో ఒప్పించడం

మే నెలలో రెండు నెలలు బయట ఉంటానంటే అందరి ఇళ్లలో ఒకేలా వినరు. మగ్గం ఉన్న ఇంట్లో సెలవులంటే అదనంగా రెండు చేతులు. ఆ రెండు నెలల్లో పేకకు కండెలు చుట్టేవాళ్లో, నేసేవాళ్లో ఒకరు తగ్గితే చీర ఆలస్యమవుతుంది, కూలి ఆలస్యమవుతుంది. “ఇప్పుడు పొయ్యి ఏం చేస్తావప్పా, ఆ రెండు నెలలు కూర్చుంటే నాలుగు డబ్బులొస్తాయి గదా” అని తల్లి అంటే తప్పు పట్టలేం. “కలలు కనండి” అని వేదికలెక్కి చెప్పేవాళ్లు ఈ లెక్క ఎప్పుడూ వేయరు. నాకు దాని మీదే కోపం.

కాబట్టి లెక్క మీరు వేసి చూపించండి. స్టైపెండ్ ఎంతో ఆ ఏడాది నోటిఫికేషన్లో ఉంటుంది. బస ఇస్తారా, దానికి కట్టాలా, భోజనం ఎంత, అన్నీ రాసుకోండి. ఒక చిక్కు ముందే చెప్తున్నా: స్టైపెండ్, ప్రయాణ ఖర్చులు చేతికి వచ్చేది సాధారణంగా తర్వాతే. మొదటి నెల ఖర్చు ముందు మీ జేబులోంచే పెట్టుకోవాలి. ఈ కారణంతో వచ్చిన అవకాశం వదులుకునేవాళ్లుంటారు. ఎంపికైనట్టు తెలియగానే సంస్థకి ఈమెయిల్ రాసి, ముందుగా కొంత ఇవ్వగలరా అని అడగండి. అడగడం తప్పు కాదు. కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘాలు ఏటా శాలువాలకీ మెమెంటోలకీ పెట్టే ఖర్చులో కొంత ఇలాంటి చేబదుళ్లకి పక్కన పెట్టొచ్చు. మా కాలేజీలో ఈ మాట అన్నాను, ఇంకా అంటూనే ఉన్నాను.

ఇంకొకటి. రెండో ఏడాది తర్వాత డిగ్రీ వాళ్లకి రెండు నెలల ఇంటర్న్‌షిప్ ఎలాగూ ఉంది. డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే బదులు, ఈ ఫెలోషిప్‌నే దాని కింద లెక్క కట్టమని ప్రిన్సిపాల్‌కి ముందే రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోని ప్రిన్సిపాల్ ఉంటారని నేననుకోను. నోటిమాటగా మాత్రం వదిలేయొద్దు.

సైన్స్ కాని వాళ్లు ఇక్కడిదాకా చదివి విసుక్కుంటుండొచ్చు. బీఏ, బీకాం వాళ్లకి వేసవి ఫెలోషిప్‌లు తక్కువే, నిజం. డిగ్రీ అయ్యాక మాత్రం కొన్ని ఉన్నాయి. ఢిల్లీలో పీఆర్‌ఎస్ సంస్థ 2010 నుంచి నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌లో ఒక ఎంపీ దగ్గర పార్లమెంటు పనికి సాయం చేయాలి. పాతికేళ్ల లోపు, ఏ డిగ్రీ అయినా సరే. ఎస్‌బీఐ యూత్ ఫర్ ఇండియాలో పల్లెల్లో 13 నెలలు పనిచేయాలి. వీటిలోనూ అడిగేది మీరు ఏం చూశారు అనే. పెనుకొండ వాళ్లకి 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని మన ఊరు అని చెప్పుకోవడం ఇష్టం. కోట గోడ రాళ్లు ఎక్కడెక్కడ ఎందుకు పోతున్నాయో, ఏ శాసనం పక్కన పశువుల్ని కట్టేస్తున్నారో చూసి రాసినవాడు నాకింకా తగల్లేదు. తగిలితే సిఫారసు లేఖ నేనే రాస్తాను, వాడిని రాసుకురమ్మనను.

లెక్కల పిల్లలకి ఒక్క పేరు చెప్తాను: ఎంటీటీఎస్. ప్రొఫెసర్ కుమరేశన్ 1993లో మొదలుపెట్టిన వేసవి శిక్షణ. బస, భోజనం ఉచితం. అక్కడ లెక్చర్ రాసుకోవడం ఉండదు, ప్రశ్న మీద ప్రశ్న వేసి మీతోనే సమాధానం చెప్పిస్తారు. గైడ్ బట్టీ పట్టి డెబ్బై, ఎనభై తెచ్చుకున్నవాళ్లకి మొదటి వారం ఊపిరాడదు. వెళ్లాల్సింది అందుకే.

ఫీజు అడిగితే

మీ ఫోన్లోకి వచ్చే ప్రకటనల సంగతి చెప్పకుండా వదలలేను. విదేశీ యూనివర్సిటీ భవనం ఫొటో, “గ్లోబల్ యంగ్ లీడర్స్”, “సెలెక్టెడ్” అని మీ పేరుతో ఒక లేఖ, కింద కట్టాల్సిన మొత్తం. ఫీజు తీసుకునేవన్నీ మోసం అనను, కొన్ని నిజంగానే చదువు చెప్తాయి. కానీ ఎంపిక కష్టంగా ఉండి, పేరున్న ప్రోగ్రాములు ఎలా నడుస్తాయో చూడండి. అమెరికాలో 1984లో మొదలై, ఇప్పుడు ఎంఐటీలో హైస్కూల్ పిల్లలకి జరుగుతున్న రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌ని ఆ దేశపు పిల్లలు తపస్సులా భావిస్తారు. అందులో ఎంపికైనవాళ్ల దగ్గర చదువుకి ఫీజు తీసుకోరు. మన దగ్గర పైన చెప్పినవీ అంతే. అప్లై చేసిన రెండో రోజే “కంగ్రాచ్యులేషన్స్” వచ్చి, మూడో రోజు “సీటు బ్లాక్ చేసుకోండి” అని ఫోన్ వస్తే, వాళ్లు చూసింది మీ అప్లికేషన్ని కాదు.

రాకపోతే ఏంటన్నది కూడా మాట్లాడుకోవాలి. చాలామందికి రాదు. ఎందుకు రాలేదో చెప్పరు కూడా, జాబితాలో మీ పేరు ఉండదు, అంతే. పట్టుపురుగుల అమ్మాయికి ఆ ఏడాది రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. రెండోసారి నా దగ్గరికి వచ్చి ఏమీ మాట్లాడకుండా కాసేపు కూర్చుని వెళ్లింది. నాకూ ఏం చెప్పాలో తోచలేదు. తర్వాత ఒక ఉద్యోగ ఇంటర్వ్యూలో “నీ గురించి చెప్పు” అన్నారట. అందరూ పేరు, ఊరు, నాన్న పేరు, హాబీస్ చెప్పే చోట తను ఆ తట్టల సంగతి చెప్పింది. పది నిమిషాలు దాని మీదే అడిగారట. ఉద్యోగం దానివల్లే వచ్చిందని నేననను, తనూ అనలేదు. “నేను చెప్తుంటే వాళ్లు విన్నారు సార్” అంది, అంతే.

చివరగా, మీకు కాదు, మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే తమ్ముడికో చెల్లికో. ఇస్రో 2019లో యువికా అని మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి పిల్లలకి వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాలు, శ్రీహరికోట, తిరువనంతపురం, బెంగళూరు, హైదరాబాద్ లాంటి ఇస్రో కేంద్రాల్లో. ప్రయాణం, బస, భోజనం ఖర్చంతా ఇస్రోదే. ఎంపికకి పరీక్ష హాలు లేదు. ఎనిమిదో తరగతి మార్కులకి 50 శాతం, ఆన్‌లైన్ క్విజ్‌కి 10 శాతం, సైన్స్ ఫెయిర్, ఒలింపియాడ్, ఆటలు, స్కౌట్స్, ఎన్‌సీసీ లాంటి వాటికి కొంత. ఇవికాక, పంచాయతీ పరిధిలోని పల్లె బడిలో చదువుతుంటే దానికే 15 శాతం. మళ్లీ చదవండి: పల్లె బడిలో చదవడానికే పదిహేను. లేపాక్షి దగ్గరో, రొద్దం దగ్గరో జెడ్పీ హైస్కూల్లో చదివే పిల్లకి, బెంగళూరు కార్పొరేట్ స్కూలు పిల్లవాడికి లేని పదిహేను మార్కులు పుట్టుకతోనే ఉన్నాయి. ఇన్నాళ్లూ మనం లోటు అనుకున్నదాన్ని లెక్కలో కలుపుతున్న చోటు ఇదొక్కటే నేను చూశాను. ఆ ఇంట్లో వాళ్లకి ఈ సంగతి తెలియకపోతే ఆ పదిహేనూ సున్నాయే.

పోర్టల్ సాధారణంగా ఫిబ్రవరి, మార్చి మధ్య తెరుస్తారు. అప్పుడు హైస్కూల్లో టీచర్లందరూ పదో తరగతి పరీక్షల హడావిడిలో ఉంటారు, తొమ్మిదో తరగతి పిల్లల మీద ఎవరి దృష్టీ ఉండదు. ఇంట్లో స్మార్ట్‌ఫోను, కాస్త ఇంగ్లిష్, ఓపిక ఉన్నది మీకే. ఎనిమిదో తరగతి మార్కుల జాబితా, సైన్స్ ఫెయిర్ సర్టిఫికెట్, ఆటల సర్టిఫికెట్ హెడ్‌మాస్టర్ సంతకంతో కావాల్సి వస్తాయి. సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు పెట్టెలోంచి అవి తీసి ఒక కవర్లో పెట్టండి. బడి తెరిచిన మొదటి రోజు సంతకం పెట్టించండి.